మఫ్లరు తిన్న సాక్షి

రఫూ అత్తయ్యకి ఉన్నది ఒకే ఒక్క చెడ్డ అలవాటు. చిరుగు కంటబడితే ఊరుకోలేదు.

బస్సులో ముందు సీటాయన కాలరు దగ్గర పోగు లేచి ఉంటే ఆవిడ వేళ్లు జిలపెట్టేవి. ఒకసారి పరామర్శకి వెళ్లిన ఇంట్లో, ఏడుస్తున్న ఇల్లాలి వీపు ఒక చేత్తో నిమురుతూ, రెండో చేత్తో కర్టెను చిరుగు ఎంత పొడవుందో జానతో కొలిచిందని బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆవిడ కాదనదు. "కొలిచాను. జానెడున్నర. మర్నాడు వెళ్లి కుట్టిచ్చాను కూడాను. అదెందుకు చెప్పరో!" అంటుంది.

ముప్పై ఏళ్లుగా ఆవిడ పని ఉన్ని బట్టలకి రఫూ చెయ్యడం. సిగరెట్ నిప్పు పడ్డ కోట్లూ, మేకుకి తగిలి చిరిగిన శాలువాలూ ఆవిడ కిటికీ పక్కనున్న బల్ల మీదకి వచ్చేవి. ఆ బట్టకే లోపలి మడతలో ఎవరికీ కనబడని చోట నుంచి నాలుగు పోగులు లాగి, వాటినే కన్నంలో నిలువూ అడ్డం అల్లి, నేత ఎలా ఉంటే అలా కలిపేసేది. పని అయ్యాక కోటు సొంతదారు తడుముకుంటూ, "ఇంతకీ కాలింది కుడి పక్కా, ఎడం పక్కా?" అని అడగాలి. అలా అడిగినవాళ్లని ఆవిడ జన్మలో మర్చిపోదు.

ఆ వీధిలో పిల్లలకీ పెద్దలకీ, ఆఖరికి ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లకి కూడా ఆవిడ రఫూ అత్తయ్యే. ఉన్ని బట్టలన్నీ పంపేది మాత్రం వీధి చివర లాండ్రీ ఓనరు ఒక్కడే. నలభై అయిదేళ్లవాడు, నవ్వు కూడా ఇస్త్రీ చేసి మొహానికి తొడుక్కున్నట్టుండే మనిషి.

ఒక ప్రొఫెసరు గారి బూడిదరంగు కోటు రఫూకి వచ్చింది. జేబు పక్కన నిప్పు పడ్డ కన్నం ఒకటే అని చీటీ మీద రాసి ఉంది. ఒళ్లో వేసుకుని చూస్తే చంకలో రెండు, కాలరు కింద ఒకటి, గుండుసూది తలకాయంత కన్నాలు కనబడ్డాయి. చిమ్మట కొట్టిన కన్నాలు. వాటిని అలా వదిలేసి నిద్రపోవడం అత్తయ్య వల్ల కాదు. అడక్కపోయినా పూడ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. బిడ్డ మూతి తుడిచిన తల్లి ఆ సంగతి వీధంతా చెప్పుకుంటుందా?

చెప్పి ఉండాల్సింది.

మూడు వారాలకి ఓనరు అదే కోటు చేతి మీద వేసుకుని, మరకలు చూసే భూతద్దం చేత్తో పట్టుకుని, స్వయంగా ఇంటికొచ్చాడు.

"అత్తయ్యగారూ, ఏమనుకోకండి. మీ ఇంట్లో చిమ్మట పట్టింది."

"మా ఇంట్లోనా?"

"మీకిచ్చినప్పుడు ఒక్కటే కన్నం. ఇప్పుడు చూడండి, జల్లెడ! ప్రొఫెసరు గారు నిన్న నా మొహాన కొట్టినంత పని చేశారు."

"నాకిచ్చినప్పుడే చిమ్మట కన్నాలు మూడున్నాయి బాబూ. నేనే పూడ్చాను."

"అవునా? చూపించండి మరి."

ఇక్కడే అత్తయ్య పరువు ఆవిడ వేళ్ల చివర నుంచే జారిపోయింది. కోటు కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చంక తిప్పి చూసింది. కళ్లజోడు పెట్టి చూసింది, తీసి చూసింది. ఓనరు భూతద్దం పెట్టాడు. లోపల్నుంచి ఆవిడ భర్త కూడా వచ్చాడు. పరాయి మనిషి కోటు చంకలోకి ముగ్గురూ తలలు ఆనించి పావుగంట వెతికారు. ఒక్క అతుకూ దొరకలేదు. ఎక్కడ పూడ్చిందో పూడ్చిన మనిషికే తెలియలేదు!

ముప్పై ఏళ్ల పనితనం వచ్చి ఆవిడ నోరు నొక్కేసింది. లోలోపల కొంచెం గర్వపడిందని కూడా ఇక్కడ చెప్పేయాలి. వెంటనే ఆ గర్వాన్ని లాగి లెంపకాయ కొట్టాలనిపించింది.

"పోనీలెండి," అన్నాడు ఓనరు, మడత నలగని నవ్వుతో. "ఆయన మంచివారు. మీరొక్కసారి వచ్చి, మా ఇంట్లో పట్టింది, క్షమించండి అంటే చాలు. లేదంటే ఇక ఉన్ని బట్టలు మీకు పంపలేనండీ. నా షాపు పేరు పోతుంది."

"మీ షాపు పేరు పోకూడదు. నా పేరు పోవచ్చేం?"

"ఎంతసేపండీ? ఒక్క మాట."

"చెయ్యనిదానికి ఒక్క మాట కాదు, అర మాట కూడా రాదు. వెళ్లిరండి."

ఓనరు వెళ్లాడు. అతనితో పాటు పనీ వెళ్లింది. బల్ల ఖాళీ అయింది.

ఆ సాయంత్రం భర్త మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటేగా, అనేస్తే పోలా..." అని మొదలుపెట్టాడు. అత్తయ్య తల తిప్పి చూసింది. "...అని వాడు అనుకుంటున్నాడే, ఎంత పొగరో చూడు!" అని ముగించాడు. ముప్పై అయిదేళ్ల కాపురంలో వాక్యాన్ని మధ్యలో మలుపు తిప్పడం ఆయన బాగా నేర్చుకున్నాడు.

మర్నాటి నుంచి రెండు గదుల ఇల్లు తలకిందులైంది. పరుపులు ఎండకెక్కాయి, అలమరాలు నోళ్లు తెరిచాయి. చిమ్మట జాడ లేదు. నాలుగో రోజున అత్తయ్య కత్తిరింపుల డబ్బా తెరిచింది. రఫూ చేసిన ప్రతి బట్టలోనూ మిగిలిన పోగులూ ముక్కలూ ఒక కాయితం పొట్లంలో కట్టి, తేదీ వేసి, అందులో దాచేది. ఆ బట్ట మళ్లీ వస్తే పనికొస్తాయని. ప్రొఫెసరు గారి పొట్లం విప్పింది. బూడిదరంగు ముక్కల మధ్య బియ్యపు గింజంత గొట్టం ఒకటి ఉంది. దూది నలిపి చుట్టినట్టుంది. ఆవిడ చూస్తుండగానే అది నడిచింది. ఒక చివర నుంచి గోధుమరంగు తల బయటికి పెట్టి, అటూ ఇటూ చూసి, ఇల్లు మోసుకుంటూ రెండడుగులు వేసింది.

"చిమ్మట పిల్ల!" అని భర్త చెప్పు తీశాడు.

"ఆగండి! సాక్షిని చంపేస్తారా?"

గాజు సీసాలో వేసుకుని, చీర కుచ్చెళ్లు సరిచేసుకోవడం కూడా మరిచి, లాండ్రీకి నడిచింది. ఓనరు సీసా ఎత్తి వెలుగులో చూశాడు.

"ఎక్కడ దొరికింది?"

"ఆ కోటు ముక్కల్లో. మా డబ్బాలో."

"మీ డబ్బాలో దొరికినది మీ ఇంటిది కాక మా అత్తారింటిదా అండీ?"

బట్టల కోసం నిలబడ్డవాళ్లు పక్కున నవ్వారు. తన సాక్ష్యం తన మీదికే తిరుగుతుందని వీధి పొడుగునా నడిచిన ఆ పది నిమిషాల్లో ఆవిడకి ఒక్కసారి కూడా తోచలేదు.

"అయినా ఇది పురుగో, జేబులో నలిగిన దూదో ఎవరికి తెలుసు?" అన్నాడు ఓనరు ఉత్సాహం ఆగక. "రెక్కలొచ్చాక తీసుకురండి, అప్పుడు మాట్లాడుకుందాం."

అత్తయ్య ఇంటికొచ్చి సీసా బల్ల మీద ఠంగుమని పెట్టింది. "రెక్కలే కదా వాడిక్కావాల్సింది? రప్పిస్తాను," అంది. ఆ రెక్కలు కూడా తనే కుట్టి తగిలించేటట్టు.

సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టింది. వారం తిరగకుండా బూడిద ముక్కలు అయిపోయాయి. సాక్షికి మేత కావాలి, అది ఉన్నే కావాలి. ఆ ఇంట్లో ఉన్న ఉన్ని ఒక్కటే, భర్త ఎర్ర మఫ్లరు. ఎండాకాలంలో కూడా గొంతు పట్టేస్తుందని మెడకి చుట్టుకునే మనిషి ఆయన.

"నా మఫ్లరా! ఆ పురుక్కా!"

"ఒక్క మూల."

"ఏ మూల?"

"మీకు కనబడని మూల."

"నాకు కనబడని మూలేదో నాకెలా తెలుస్తుందే?"

తెలిసేలోపు కత్తెర పడింది. మొదటి రెండు రోజులూ ఆయన సీసా వైపు చూడలేదు. మూడో రోజు తన మఫ్లరు ఎంత ఖర్చవుతోందో చూడ్డానికని వంగాడు. ఇక లేవలేదు. ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదివి రిటైరైన మనిషి. పాత రీడింగు పుస్తకం ఒకటి తీసి, రోజూ ఉదయం పదింటికి స్కేలు పెట్టి కొలిచి, రాయడం మొదలుపెట్టాడు. "ఏడు మిల్లీమీటర్లు. నిన్నటి కంటే అర ఎక్కువ. లీకేజీ లేదు."

కుట్టుపని లేని ఆ మధ్యాహ్నాల్లో అత్తయ్య గంటల తరబడి సీసా ముందు కూర్చునేది. ఒకరోజు పురుగు చేస్తున్న పని చూసి ఆవిడకి ఊపిరాగినంత పనైంది. ఒళ్లు పెరిగి దానికి గొట్టం బిగుతైంది. అది లోపల్నుంచి గొట్టాన్ని పక్కన నిలువునా కోసి, ఆ సందులో కొత్త ఉన్ని పోగులు నింపి, మళ్లీ మూసేసుకుంది. పొట్ట పెరిగినప్పుడల్లా భర్త ప్యాంటుకి నడుం దగ్గర కుట్టు విప్పి తను ముక్క వేసేది కూడా అచ్చం అలాగే.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఎవరి దగ్గర నేర్చుకున్నావే?" అంది పైకే.

గొట్టం లావే కాదు, పొడవూ పెరుగుతోంది. కొత్త పోగులు రెండు చివర్లా అంచు కడుతున్నాయి. మఫ్లరు తినడం మొదలెట్టాక ఆ అంచులు ఎర్రబడ్డాయి. ఎరుపుకి లోపలి వైపు బూడిదరంగు పట్టీలు. పక్కన వేసిన ఎర్ర అతుకు తప్పించి గొట్టాన్ని దొర్లించి, సూదిలో దారం ఎక్కించుకునే అద్దం పెట్టి చూసింది. సరిగ్గా నడిమధ్యన, బూడిద పట్టీలు రెంటికీ నడుమ, ఒక నీలం చుట్టు!

అత్తయ్య అద్దం దించింది. మళ్లీ ఎత్తింది. చివర్లు కొత్తవైతే నడుము పాతది. అంటే ఆ నీలం దీని పసితనపు చొక్కా. ప్రొఫెసరు కోటులో నీలం పోగు లేదు, ఆ కోటు ఆవిడకి పోగు పోగూ తెలుసు. తన ఇంట్లో నీలం ఉన్ని ఏనాడూ లేదు. కోటులోకి రాకముందు ఇది ఎక్కడో నీలం ఉన్ని తిని పెరిగింది. ఎక్కడ?

లాండ్రీలో! తయారైన ఉన్ని బట్టలు సొంతదారులు వచ్చేదాకా, రఫూకి పంపేవి పంపేదాకా, తలుపులున్న ఒక అరలో పెడతారు. ఆ అర నిండా దళసరి నీలం కంబళి పరిచి ఉంటుంది. "కోట్ల భుజాలు నొచ్చుకోకూడదండీ," అని ఓనరు వచ్చినవాళ్లందరికీ తలుపు తీసి మరీ చూపిస్తాడు.

"పద, ఇప్పుడే వెళ్దాం!" అని భర్త చొక్కా కోసం లేచాడు.

"కూర్చోండి. ఇప్పుడెళ్తే మళ్లీ దూదంటాడు. రెక్కలొచ్చాక రమ్మన్నాడుగా, రెక్కలతోనే వెళ్తాను."

ఆ మధ్యలో ఆడపడుచు చూడ్డానికొచ్చింది. బల్ల మీద సీసా, అన్న మెడలో మూల తెగిన మఫ్లరు చూసి విషయమంతా విన్నది.

"బాగుంది వదినా. మా అన్నయ్య మెడలోంచి తీసి పురుక్కి కప్పావన్నమాట! ఇంకేం మిగిల్చావు ఆయనకి?"

"నీ నోరు మిగిల్చానుగా వదినా, ఆయన తరఫున మాట్లాడ్డానికి."

"ఆ ఓనరుకి సారీ చెప్పి పని తెచ్చుకోక, ఈ వయసులో పురుగుల పెంపకమా?"

"నీ కంటే ఇదే నయం. పెట్టింది తిని నోరు మూసుకుంటుంది."

ఆడపడుచు ఆ పూట భోజనం చెయ్యనంది. తర్వాత రెండుసార్లు వడ్డించుకుంది.

నెల దాటాక ఒకనాడు పురుగు తినడం మానేసింది. పైకి పాకి మూతిగుడ్డకి గొట్టాన్ని అంటించుకుని, తలుపులు వేసుకుంది. ఇక కదలిక లేదు. ఒకరోజు, మూడు రోజులు, పది రోజులు. రీడింగు పుస్తకంలో, "మీటరు తిరగడం లేదు," అని రాసి భర్త పెన్ను మూసేశాడు. అదే వారం లాండ్రీలో ఇస్త్రీ చేసే పెద్దాయన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎక్కువ మాట్లాడని మనిషి.

"చలి మొదలైందమ్మా. కోట్లు గుట్టలు పడ్డాయి. ఆ మాటేదో చెప్పేస్తే రేపే పంపుతానన్నారు ఓనరు. లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటారంట."

ఆయన వెళ్లాక అత్తయ్య అద్దం ముందు నిలబడి, ఎలా ఉంటుందో చూద్దామని, "క్షమించండి" అనబోయింది. "క్ష" దగ్గర నాలుక మొరాయించింది. అద్దంలో మొహం అంత వికారంగా ఆవిడకి ఎన్నడూ కనబడలేదు. నోరు కడుక్కుని వచ్చి సీసా ముందు కూర్చుంది. అది చచ్చిపోయి ఉంటే తన మాట వినే దిక్కుండదు. సీసాకి మొహం ఆనించి గొంతు తగ్గించి బతిమాలింది.

"లే నాన్నా. ఒక్కసారి లే. నా బంగారు కొండవి కదూ..."

"లేచానే!" అన్నాడు వెనక మంచం మీద కునుకు తీస్తున్న భర్త, గబగబా జుట్టు సర్దుకుంటూ. ఆయన కళ్లల్లో ఎన్నేళ్ల కిందటిదో ఒక వెలుగు. అత్తయ్య ఆ వెలుగు చూసింది, సీసా వైపు చూసింది, "కాఫీ కలుపుతాను రండి," అంది. నిజం ఈనాటికీ చెప్పలేదు.

ఇరవై రెండో రోజు ఉదయం గొట్టం చివర నుంచి ఒట్టి తొడుగు సగం బయటికి పొడుచుకుని ఉంది. పక్కన, గుడ్డ మడతలో, ఎండుగడ్డి రంగులో గోటి చివరంత ప్రాణి రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

"ఇంతేనా!" అంది అత్తయ్య. అంత మఫ్లరు తిన్నది కనీసం ఒక ఎర్ర చుక్కయినా పెట్టుకొస్తుందని ఆశపడింది మరి. భర్త కొత్త ముక్క అందించాడు. అది అటు చూడనైనా లేదు. రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదట, కన్నాలన్నీ చిన్నతనపు పనులేనట. ఈ సంగతి ఆయన తర్వాత ఎక్కడో చదివి, చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఆ చెల్లెలికి అర్థం కాలేదు.

అత్తయ్య ఆ పూటే ప్రొఫెసరు గారికి కబురు పంపింది: "మీ కోటు తిన్నది దొరికింది. రేపు పదింటికి లాండ్రీకి రండి."

పదింటికి లాండ్రీ కిటకిటలాడుతోంది. ప్రొఫెసరు గారు వచ్చారు. అత్తయ్య కౌంటరు మీద సీసా పెట్టింది.

"రెక్కలు," అంది.

మూతిగుడ్డ విప్పగానే చిమ్మట కౌంటరు మీదికి దిగి పరుగు లంకించుకుంది. ఓనరు కోట్ల వైపు చేతులు చాపి, "చంపండి, చంపండి!" అని గంతేశాడు. భర్త సీసా దాని మీద బోర్లించాడు. "సాక్షి బోనులో ఉండగా ముట్టుకోకూడదండీ," అన్నాడు గంభీరంగా.

అత్తయ్య ఖాళీ గొట్టాన్ని తెల్ల కాయితం మీద పెట్టి, ఓనరు భూతద్దమే తీసి ప్రొఫెసరు గారి చేతికిచ్చింది.

"చివర నుంచి నడుముకి ఏ రంగులున్నాయో చదవండి."

"ఎరుపు..." అన్నారాయన వంగి. "తర్వాత బూడిద. తర్వాత... అరె, నీలం!"

"ఇది ఏ ఉన్ని తింటే ఆ ఉన్నితోనే ఇల్లు కట్టుకుంటుంది. కొత్తది చివర్లో కడుతుంది. నెల రోజులు కళ్లారా చూశాను, మా ఆయన పుస్తకంలో రాశారు. ఎరుపు ఇదిగో." భర్త మూల తెగిన మఫ్లరుని జెండాలా ఎత్తి పట్టుకున్నాడు. "బూడిద మీ కోటు. మీ కోటులోకి రాకముందు ఇది తిన్నది నీలం. మా ఇల్లు సోదా చేసుకోండి, నీలం ఉన్ని పోగు దొరికితే ఈ సూది మళ్లీ పట్టను. మరి నీలం ఎవరింట్లో ఉంది?"

ఇస్త్రీ పెద్దాయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఎవరి మొహమూ చూడకుండా అర దగ్గరికి నడిచాడు. తలుపు తీశాడు. కోట్లు పక్కకి జరిపి, నీలం కంబళి కొస పట్టుకుని తెల్ల దుప్పటి మీదికి దులిపాడు. నీలం గింజలు రాలాయి. పదో, పదిహేనో. అందరూ చూస్తుండగా వాటిలో మూడు నడవడం మొదలుపెట్టాయి.

ఓనరు నవ్వులో ఆ రోజు మొదటిసారి ముడత పడింది.

"ఈ తేమకి ఎక్కడైనా పడతాయండీ... అయిందేదో అయింది అత్తయ్యగారూ, ఇక్కడితో వదిలేద్దాం."

"మీరు వదిలేస్తే సరిపోయిందా? రెండు నెలలు తప్పంతా మా ఇంటి మీదికి తోశారు. కన్నాలు ఎక్కడివో ఆయనకి మీ నోటితో చెప్పండి."

"ఆయన చూశారుగా..."

"చూశారు. వినలేదు."

ఓనరు ప్రొఫెసరు గారి బూట్ల వైపు తిరిగి, "మా అరలోవేనండీ. అత్తయ్యగారిది తప్పేం లేదు. క్షమించాలి," అన్నాడు. వెనక వరసలో ఎవరో, "వినపడలేదండీ!" అన్నారు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ప్రొఫెసరు గారు జల్లెడైన కోటు అత్తయ్య ముందు పెట్టి, "ఇది మీరు తప్ప ఎవరూ ముట్టుకోవద్దు," అన్నారు. ఆవిడ వేళ్లు అప్పుడే జిలపెట్టడం మొదలైంది. అయినా చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. తప్పంతా లాండ్రీదే అనుకోవడానికి ఆవిడ మనసు ఒప్పుకోలేదు. చెప్పకుండా పూడ్చింది తనే. మంచి పని చేసి మాట్లాడకుండా ఊరుకుంటే ఏమవుతుందో రెండు నెలలు చూసింది.

"ఇవాళ్టి నుంచి పద్ధతి మారింది ఓనరు గారూ. సూది దించేముందు నా ఎదురుగా మీరు కన్నాలు లెక్కపెట్టాలి. ఒక్కోదాని చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యాలి. ఎన్నో చీటీ మీద రాసి ఇవ్వాలి. లేదంటే ఈ కోట్లు మీ నీలం కంబళి మీదే పడుకుంటాయి."

"ఇంతమంది నిలబడుంటే ఇప్పుడాండీ?"

"నేనేం తొందరపడటం లేదు."

నిలబడ్డవాళ్లు కూడా తొందరపడలేదు. పైగా ఒకాయన బల్ల లాక్కుని కూర్చున్నాడు. ఓనరు సుద్దముక్క తీశాడు. బూడిద కోటు పరిచి, భూతద్దం పట్టుకుని, చంకలోకి తల దూర్చాడు.

"ఒకటి... రెండు... మూడు, నాలుగు... అయిదు. అంతేనండీ."

"సరిగ్గా చూడండి. మడత కింద."

"అది మరకండీ."

"ఊది చూడండి."

ఓనరు ఊదాడు. సుద్దపొడి ఎగిరి కనుబొమల మీద పడింది. అతను అలాగే వంగి ఇంకో సున్నా చుట్టాడు.

"ఆరు," అన్నాడు.

"రాసుకోండి," అంది రఫూ అత్తయ్య. "ఇప్పుడు కుడి చెయ్యి తిప్పండి."